బిడ్డ కోసం పరుగెత్తే తల్లి కథ: సస్పెన్స్ థ్రిల్లర్‌ను ఎలా నిర్మించాలి

ఆపదలో చిక్కుకున్న బిడ్డ, ఆ బిడ్డ కోసం ఎంతకైనా తెగించే తల్లి అనగానే పాఠకుడు తల్లి పక్షాన చేరిపోతాడు కనుక, ఇలాంటి థ్రిల్లర్ రాయడం తేలికని చాలామంది అనుకుంటారు. రాతప్రతులు దెబ్బతినేది సరిగ్గా అక్కడే. జాలి అడగకుండానే దొరికింది కాబట్టి ఉత్కంఠ కూడా దాని వెంటే వచ్చేసిందని రచయిత భ్రమపడతాడు. తల్లి ఏడుస్తుంది, పరుగెత్తుతుంది, దుండగులు వెంటపడతారు, మూడు వందల పేజీలు గడిచిపోతాయి, పాఠకుడికి మాత్రం మొదటి పేజీలో కలిగిన జాలి తప్ప కొత్తగా ఏమీ కలగదు. తల్లి ఎంత బాధపడుతోందో చూసినప్పుడు కలిగేది జాలి. ఆమె ఇప్పుడు ఏం చేయబోతోంది, అందుకోసం ఏం పోగొట్టుకోబోతోంది అని ఎదురుచూసేటప్పుడు కలిగేది ఉత్కంఠ. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ రెండో ప్రశ్న మీదే నిలబడి ఉంటుంది.

మాటలు గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణ కథను వెంట తీసుకువెళదాం. పాపకు తొమ్మిదేళ్లు, టైప్ 1 మధుమేహం ఉంది. తండ్రి చనిపోయి రెండేళ్లయింది. తల్లి ఒక రవాణా సంస్థలో బస్సుల వేళల పట్టికలు తయారు చేసే ఉద్యోగం చేస్తుంది. ఒక సాయంత్రం పాప బడి నుంచి ఇంటికి రాదు. మిగతాది మెట్టు మెట్టుకూ కల్పించుకుంటూ పోదాం. మీరు మీ కథకు అవే ప్రశ్నలు వేసుకుంటూ రండి.

మొదటి మెట్టు: ఎవరూ ఆపలేని గడియారాన్ని వెతకండి

దుండగుడు ఫోన్ చేసి రేపు ఉదయం ఆరు గంటల్లోపు డబ్బు తెమ్మనడం గడువు పెట్టడానికి అన్నిటికంటే సులువైన మార్గం, అందువల్లనే బలహీనమైనది కూడా. మనిషి పెట్టిన గడువును ఆ మనిషే పొడిగించగలడని పాఠకుడికి లోలోపల తెలుసు. పెరుగుతున్న వరద నీటితో బేరం కుదరదు, మూసుకుపోయిన గదిలో తగ్గుతున్న గాలిని బతిమాలలేం. బిడ్డ శరీరంలోనే నడిచే గడియారమైతే మరీ మంచిది.

మన పాప విషయంలో ఆ గడియారం ఇన్సులిన్. టైప్ 1 మధుమేహం ఉన్నవారి శరీరం ఇన్సులిన్‌ను దాదాపుగా తయారు చేసుకోలేదు. బయటి నుంచి ఇచ్చేది ఆగిపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది, శరీరం ఇంధనం కోసం కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది, అలా పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. మొదట విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం; తరువాత కడుపునొప్పి, వాంతులు; ఆ తరువాత లోతుగా, వేగంగా సాగే ఊపిరి, అందులో పండు వాసన; చివరికి మగత, స్పృహ కోల్పోవడం. కొన్ని గంటల్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వచ్చే క్రమం ఇది. రచయిత దృష్టిలో దీని విలువ ఏమిటంటే, ఈ గడియారానికి పాఠకుడు గుర్తుపట్టగల అంకెలు ఉన్నాయి. పాప మూడోసారి మంచినీళ్లు అడిగినప్పుడు మీరు ఒక్క మాట వివరించనవసరం లేదు.

ఒక కాగితం మీద గంటలను నిలువుగా రాసి, ప్రతి గంటకూ ఎదురుగా బిడ్డ స్థితి ఏమిటో, ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకోండి. ఆ కాగితం కథ పూర్తయ్యేదాకా బల్ల మీదే ఉండాలి. వైద్య విషయాలను ఎంచుకుంటే ఒక వైద్యునితో సరిచూసుకోండి. జబ్బుతో బతికే పాఠకులు మీ పొరపాటును మొదటి అధ్యాయంలోనే పట్టుకుంటారు.

రెండో మెట్టు: తల్లికి తల్లితనం కాక ఇంకేమి ఉందో తేల్చుకోండి

ప్రేమ, తెగువ, కన్నీళ్లు ఏ తల్లికైనా ఉంటాయి కాబట్టి వాటితో పాత్ర తయారు కాదు. ఆమె రోజూ చేసే పని ఏమిటి, ఆ పని వల్ల ఆమె కళ్లు, చెవులు దేనికి అలవాటు పడ్డాయి, ఏ విషయంలో ఆమె మొండి, ఏ సంగతి దాస్తోంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. మన తల్లి ఊరి దారులన్నిటినీ నిమిషాల్లో గుర్తుపెట్టుకుంటుంది. ఏ మలుపులో ఏ బస్సు ఎన్ని గంటలకు ఉంటుందో నిద్రలో అడిగినా చెప్పగలదు. ఈ నేర్పు పరుగులో ఆమెకు ఆయుధం అవుతుంది. ఈ నేర్పే ఆమెను ముంచాలి కూడా, ఎందుకంటే కాగితం మీద ఉన్న వేళలను నమ్మి, మనుషులు కూడా అలాగే నడుస్తారనుకోవడం ఆమె బలహీనత.

ఇక దాచిన సంగతి. పోయిన నెల పని ఒత్తిడిలో ఆమె పాపకు సూది వేయడం మరిచిపోయింది, పాప ఆసుపత్రి పాలైంది. చుట్టాలు అడిగినప్పుడు ‘వేస్తూనే ఉన్నాను, అయినా ఇలా అయింది’ అని చెప్పింది. చిన్న అబద్ధం, ఎవరైనా ఆడగలిగిందే. దీన్ని మొదట్లోనే, ప్రాముఖ్యం లేనిదానిలా, ఒక పక్కగా చెప్పి వదిలేయండి. నేను చదివిన కొత్త రచయితల ప్రతుల్లో తల్లి తప్పు చేయదు. లోకమంతా ఆమెకు అన్యాయం చేస్తూ ఉంటుంది. అటువంటి తల్లిని చూసి కన్నీరు పెట్టవచ్చునేమో కానీ, ఆమె ఏం చేస్తుందోనని గుండె చిక్కబట్టుకుని కూర్చోలేం, ఎందుకంటే ఆమె ఎప్పుడూ సరైనదే చేస్తుందని మనకు ముందే తెలిసిపోయింది.

మూడో మెట్టు: ఎదుటివాడికి కూడా ఒక బిడ్డ ఉన్నట్టు రాయండి

ప్రతినాయకుడు డబ్బు కోసమో, పగ కోసమో బిడ్డను ఎత్తుకుపోవడం తప్పేమీ కాదు, కాకపోతే అలాంటివాడితో తల్లికి జరిగే సంభాషణలన్నీ ఒకేలా ఉంటాయి: అతను బెదిరిస్తాడు, ఆమె వేడుకుంటుంది. తాను చేస్తున్నది న్యాయమేనని నమ్మే మనిషిని ఎదురుగా నిలబెడితే మాటలకు పదును వస్తుంది. అన్నిటికంటే పదునైన సందర్భం, ఎదుటి మనిషి కూడా తాను బిడ్డను కాపాడుతున్నానని నమ్మడం.

మన కథలో పాపను తీసుకువెళ్లింది మేనత్త. ఆమె తమ్ముడు, అంటే పాప తండ్రి, ఆసుపత్రిలో పోయాడు. అప్పటి నుంచి ఆమెకు మందులన్నా, డాక్టర్లన్నా నమ్మకం పోయింది. ‘సూది వేస్తూనే ఉన్నాను, అయినా ఇలా అయింది’ అని మరదలు చెప్పిన మాట ఆమె చెవిన పడింది. ఆ సూదులే పిల్లను తినేస్తున్నాయని ఆమె తీర్మానించుకుంది. ముడి ఎక్కడ పడిందో గమనించండి: మేనత్త చేసిన పనికి మూలం తల్లి ఆడిన అబద్ధం. తల్లి దాచిన సంగతికీ ప్రతినాయకుడి చర్యకూ ఇలా ఒక దారం కట్టగలిగితే సగం నవల నిలబడినట్టే. మీ కథలో ఆ దారం దొరికేదాకా మొదటి అధ్యాయం రాయడం మొదలుపెట్టకండి. ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు.

నాలుగో మెట్టు: ఎవరికి ఏమి తెలుసో పట్టిక వేయండి

1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో సస్పెన్స్ సినిమాల దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్పాడు. బల్ల కింద బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి తెలియకుండా అది పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవారికి తెలియకపోతే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఈ ఉదాహరణ ఎంతగా అరిగిపోయినా దాన్ని అమలు చేసేవారు తక్కువ, ఎందుకంటే ప్రతి రచయితకూ చివర్లో పాఠకుణ్ణి అవాక్కు చేయాలన్న కోరిక ఉంటుంది. ఎత్తుకుపోయింది మేనత్తేనని చివరి అధ్యాయందాకా దాస్తే మీకు ఒక మలుపు దక్కుతుంది. మూడో అధ్యాయంలోనే పాఠకుడికి చెప్పేస్తే, తల్లి అదే మేనత్తకు ఫోన్ చేసి ‘వదినా, పాప కనబడటం లేదు’ అని ఏడ్చే సన్నివేశం దక్కుతుంది. ఆ సంభాషణలో మేనత్త ఒక్క క్షణం ఆగి ‘దిగులుపడకు, క్షేమంగానే ఉండి ఉంటుందిలే’ అంటుంది. ఆ ఒక్క వాక్యం కోసం నేనైతే మలుపును వదులుకుంటాను.

పట్టికలో ఐదు నిలువు వరుసలు గీయండి: పాఠకుడు, తల్లి, మేనత్త, పోలీసులు, పాప. ఒక్కొక్క అధ్యాయం చివర ఒక్కొక్కరికి ఏమి తెలుసో, ఏ విషయంలో పొరబడుతున్నారో రాయండి. వరుసగా రెండు అధ్యాయాల్లో పాఠకుడికీ తల్లికీ తెలిసినవి ఒక్కటే అయితే అక్కడ కథ నీరసిస్తుందని గుర్తు. అప్పుడు పాఠకుణ్ణి ముందుకు నెట్టాలి, లేదా తల్లిని పాఠకుడికంటే ముందు నడిపించాలి; అంటే ఆమె ఏదో కనిపెట్టింది, ఏమిటో మనకు ఇంకా చెప్పలేదు అన్నమాట. ఈ రెండో ఎత్తును మాత్రం పొదుపుగా వాడండి. తల్లి మనసులోకి స్వేచ్ఛగా వెళ్లి వస్తూ, అవసరమైన ఒక్క ఆలోచనను మాత్రం దాస్తే పాఠకుడు మోసపోయానని అనుకుంటాడు.

బల్ల కింద పెట్టడానికి బాంబే కానక్కర లేదు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. గడ్డకడితే అది పనికిరాదు; కరిగాక చూడటానికి మామూలుగానే కనిపించినా వాడకూడదు. మొదటి అధ్యాయంలో తల్లి పాపకు జాగ్రత్తలు చెబుతూ ‘మంచుగడ్డకు ఆనించి పెట్టకూడదు’ అంటుంది. ఆరో అధ్యాయంలో, తల్లి హడావుడిగా బయలుదేరుతుండగా, సాయం చేయాలన్న మంచి మనసుతో సహోద్యోగి ఒకరు సీసాను మంచుగడ్డల మధ్య కుక్కి సంచీ అందిస్తారు. తల్లి ఆ సంచీని గుండెకు హత్తుకుని రాత్రంతా తిరుగుతుంది. సంచీలో ఉన్నది పనికిరాని నీళ్లని పాఠకుడికి తప్ప ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి తల్లి సాధించే ప్రతి చిన్న గెలుపూ పాఠకుడికి ఒక దెబ్బలా తగులుతుంది.

ఐదో మెట్టు: పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లదు?

ఈ ప్రశ్నకు జవాబు లేని నవలను పాఠకుడు అక్కడే మూసేస్తాడు. ‘పోలీసులకు చెబితే బిడ్డను చంపేస్తాం’ అన్న బెదిరింపు అరిగిపోయిన జవాబు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే తప్ప ఫిర్యాదు తీసుకోరన్నది మరీ పాత అపోహ. తప్పిపోయిన పిల్లల విషయంలో అటువంటి నిరీక్షణ ఉండరాదని అమెరికా 1990లోనే చట్టం చేసింది, పిల్లలు కనబడలేదన్న ఫిర్యాదు రాగానే కేసు నమోదు చేయాలని మన సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. కథ ఏ దేశంలో జరుగుతుందో ఆ దేశపు పద్ధతిని తెలుసుకుని రాయండి.

నా సలహా: వెళ్లనివ్వండి. వెంటనే వెళ్లనివ్వండి. పోలీసులను మూర్ఖులుగానో లంచగొండులుగానో చూపించకుండా, చురుగ్గా పనిచేసేవారిగానే చూపించండి. అప్పుడు తల్లి ఒంటరి కావడానికి కారణం ఆమె నుంచే రావాలి. ఇంట్లో ఎవరితోనైనా గొడవలున్నాయా అని అధికారి అడుగుతాడు. పోయిన వారం మేనత్తకూ తనకూ సూదుల గురించే మాటామాటా పెరిగిందని చెబితే, మరిచిపోయిన సూది సంగతి బయటపడుతుంది, అది బయటపడితే పాపను తన దగ్గర ఉండనివ్వరేమోనన్న భయం. ‘లేదండీ, ఎవరితోనూ లేవు’ అంటుంది. ఆ సమాధానంతో వెతుకులాట బడి దగ్గర తిరిగిన అపరిచితుల వైపు మళ్లుతుంది. మూడు గంటలు పోతాయి. బల్ల మీది గంటల కాగితంలో ఆ మూడు గంటలను ఎర్ర సిరాతో కొట్టివేయండి.

ఆరో మెట్టు: నిర్ణయాలను గొలుసుగా అల్లండి

ఇక్కడే ఎక్కువ కాలం గడపవలసి ఉంటుంది. చిత్తుప్రతిలో సంఘటనల జాబితా రాసుకోకండి. తల్లి తీసుకునే నిర్ణయాల జాబితా రాసుకోండి. ప్రతి నిర్ణయానికీ మూడు గళ్లు: ఆ క్షణంలో ఆమె ఎదుట ఉన్న దారులు ఏవి, ఏది ఎంచుకుంది, అందుకు ఏం పోయింది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ సన్నివేశం తీసివేయదగినది. తాళం వేసిన గది తలుపును ఆమె ఎలాగో తెరిచి లోపలికి వెళ్లిందనుకోండి. అందులో నిర్ణయం లేదు, ధర లేదు, వట్టి శ్రమ ఉంది. తలుపు తెరవాలంటే తనను నమ్మి తాళాలు అప్పగించిన వ్యక్తి ఉద్యోగం పోయే పని చేయాలి అంటే అది నిర్ణయం.

ధర క్రమంగా పెరగాలి, దాని రకం కూడా మారుతుండాలి. మొదట సమయం, తరువాత డబ్బు, తరువాత పరువు, తరువాత ఒక స్నేహం, ఆ పైన తన గురించి తనకున్న అభిప్రాయం. చిన్నప్పుడు విన్న ఆవు పులి కథను ఈ కోణంలో ఒకసారి తలుచుకోండి. పులికి చిక్కిన ఆవు దూడకు పాలిచ్చి వస్తానని గడువు అడుగుతుంది. దూడను చేరాక కథ అయిపోదు, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే తిరిగి వెళ్లడమా మానడమా అన్నది ఇప్పుడు ఆవు చేతిలోనే ఉంది. పులి వెంటపడి తరుముకొస్తే ఆ కథ ఎవరికీ గుర్తుండేది కాదు.

వెనక్కి తీసుకోగల నిర్ణయాలను నవల మొదటి సగంలో వాడేయండి. నడుమకు వచ్చేసరికి వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఒకటి పడాలి. మన తల్లి తన కార్యాలయపు సమాచారాన్ని అనుమతి లేకుండా వాడి, మేనత్త ఎక్కిన బస్సు ఏ దారిలో పోయిందో కనిపెడుతుంది. ఉద్యోగం పోతుందని తెలిసే చేస్తుంది. మేనత్త పాపను ఊరికి దూరంగా, బస్సుల దారి ముగిసే చోట ఉన్న పాత ఇంటికి తీసుకువెళ్లిందని అప్పుడు అర్థమవుతుంది.

ఏడో మెట్టు: బిడ్డను సామానుగా మార్చకండి

ఎక్కడో బంధించి ఉన్న బిడ్డ కథలో ఒక మూటలా పడి ఉంటే, ఆ బిడ్డ స్థానంలో ఒక నగల పెట్టె ఉన్నా కథ మారదు. పాపకు సొంత అధ్యాయాలు ఇవ్వండి, తక్కువ నిడివిలో. తొమ్మిదేళ్ల పిల్లకు తన జబ్బు గురించి చాలా తెలుసు. తన సూది తానే వేసుకోగలిగే పిల్లలు ఆ వయసులో ఉంటారు. అత్త అంటే ఆమెకు ఇష్టం కూడా. ‘ఈ రోజు నుంచి నీకు సూదులు లేవమ్మా’ అని అత్త అనగానే పాపకు ముందు సంతోషం కలగాలి. ఆ సంతోషం రాసే ధైర్యం మీకుంటే పాఠకుడి వెన్ను చల్లబడుతుంది. తరువాత దాహం మొదలవుతుంది, అమ్మ చెప్పిన లక్షణాలు ఒక్కొక్కటిగా గుర్తొస్తాయి, అత్త మనసు నొప్పించకుండా అత్తకు ఎలా చెప్పాలా అని పిల్ల సతమతమవుతుంది. పిల్లల భాషను మరీ ముద్దుగా రాయకండి. భయపడిన పిల్లలు తక్కువ మాట్లాడతారు, సూటిగా మాట్లాడతారు.

బిడ్డ బాధను ఎంతవరకు చూపించాలన్నది రచయిత విచక్షణ. నా వరకు నేను లక్షణం చెప్పి ఆగిపోతాను, నొప్పిని వర్ణించను.

ఎనిమిదో మెట్టు: భయాన్ని శరీరంలో రాయండి

‘ఆమె భయంతో వణికిపోయింది’ అన్న వాక్యం ఒక నవలలో ఒక్కసారి చెల్లుతుంది. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలను లెక్కపెట్టాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారిపోవడం, చెమటపట్టడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, గొంతు మారిపోవడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. థ్రిల్లర్ రాసేవారికి ఇంతకంటే పనికొచ్చే జాబితా నాకు కనబడలేదు. కన్నీటికి ఇందులో ఏడో స్థానం ఉందని గుర్తుంచుకోండి. మన రాతప్రతుల్లో అదే మొదటిది, చివరిది కూడా. ఈ కాలపు శాస్త్రం దీనికి కొంత చేర్చుతుంది: అడ్రినలిన్ పెరిగినప్పుడు నోరు ఎండుతుంది, చూపు ఒక్క దాని మీదికి కుంచించుకుపోతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు చేతకావు. పరుగెత్తగలిగిన తల్లి, ఫోన్‌లో అంకెలు నొక్కలేకపోవచ్చు. సన్నివేశానికి ఒక్క లక్షణం చాలు.

కాలం గురించి కూడా ఒక సంగతి. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కొందరిని 31 మీటర్ల ఎత్తు నుంచి వల మీదికి వదిలారు. తాము పడటానికి పట్టిన సమయాన్ని వారు, ఇతరులు పడటానికి పట్టిన సమయం కంటే సగటున 36 శాతం ఎక్కువగా అంచనా వేశారు. అయితే పడుతున్నంతసేపూ వారి చూపు మామూలు కంటే వేగంగా ఏమీ పనిచేయలేదని తేలింది. కాలం సాగిపోయినట్టు అనిపించడం తరువాత జ్ఞాపకం చేసే పని అని పరిశోధకులు భావించారు. దీన్ని రాతలో ఇలా వాడుకోవచ్చు. ప్రమాదం జరిగే క్షణాన్ని రెండు మూడు చిన్న వాక్యాల్లో దాటించేయండి. ఆ తరువాత వచ్చే నిశ్శబ్ద సన్నివేశంలో, తల్లి బస్సు కిటికీకి తల ఆనించి కూర్చున్నప్పుడు, ఆ క్షణపు వివరాలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి రానివ్వండి. సినిమాల్లోని స్లో మోషన్‌ను వాక్యాల్లోకి తేవడానికి ప్రయత్నించేవారికి ఈ దారి మేలని నా అనుభవం.

ఒకవేళ మీ కథలో నిజంగానే దుండగులు ఉంటే, సినిమాలు నేర్పిన రెండు అబద్ధాలను వదిలించుకోండి. క్లోరోఫాం గుడ్డ ముక్కుకు పెట్టగానే మనిషి పడిపోడు; స్పృహ తప్పడానికి నిమిషాలు పడుతుంది. ఫోన్ కాల్ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి తల్లి మాటలు సాగదీయనక్కర లేదు. నేటి నెట్‌వర్క్‌లో ఆ నమోదు కాల్ కలిసిన క్షణం నుంచే ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: పతాక సన్నివేశంలో ఆయుధాలన్నీ లాగేసుకోండి

తల్లి నేర్పు, ఆమె మోసుకొచ్చిన వస్తువు, బయటి సాయం, ఈ మూడూ విఫలమయ్యాకే చివరి సన్నివేశం మొదలు కావాలి, ఆ వైఫల్యాలు ముందే నాటి ఉండాలి. తెల్లవారుజామున తల్లి ఆ ఇంటికి చేరుతుంది. పాప ఊపిరి లోతుగా, వేగంగా ఉంది. సంచీలోంచి సీసా తీయబోతుండగా సహోద్యోగి ఫోన్ చేస్తారు: ‘మంచు సరిపోయిందా? సీసా గడ్డకట్టేంత చల్లగా పెట్టాను.’ ఒక ఆయుధం పోయింది. ఆ ఇంట్లో దొరికిన సిగ్నల్ ఆ ఒక్క కాల్‌తోనే పోతుంది, పోలీసులకు చెప్పే వీలు లేదు. నాలుగుంబావుకు ఆ దారిన ఒక బస్సు రావాలి, అందులో ఎక్కిస్తే గంటలో ఆసుపత్రి. ఆమె పాపను ఎత్తుకుని రోడ్డు మీదికి వస్తుంది. బస్సు రాదు. ప్రయాణికులు తక్కువగా ఉన్నారని రెండో అధ్యాయంలో ఒక సర్వీసును రద్దు చేస్తూ సంతకం పెట్టింది ఆమే. ఆ సంతకాన్ని పాఠకుడు ఒక ఉద్యోగపు వివరంగా చదివి మరిచిపోయి ఉండాలి.

మిగిలింది ఆ పాత ఇంటి దగ్గర మేనత్త ఉంచుకున్న కారు ఒక్కటే. కొట్లాట, కత్తి, వర్షం, ఏవీ అక్కర లేదు. తల్లి వెనక్కి వెళ్లి తలుపు తట్టి ‘వదినా, పోయిన నెల సూది వేయడం మరిచిపోయింది నేనే. మీకు అబద్ధం చెప్పాను. తప్పు మందుది కాదు’ అనాలి. కథ పొడుగునా ఏ నిజాన్ని కాపాడుకోవడానికి సమయం, ఉద్యోగం, నమ్మకం ధారపోసిందో, చివరి ధరగా ఆ నిజాన్నే ఇచ్చేయాలి. ముడి ఎక్కడ పడిందో అక్కడే విప్పడమంటే ఇదే. ఈ సంభాషణను కనీసం ఐదుసార్లు తిరగరాయండి. మేనత్త వెంటనే నమ్మకూడదు, తమ్ముడి చావు గురించి ఆమెకు కూడా ఏదో చెప్పుకోవలసింది ఉండాలి, ఈలోగా పాప ఊపిరి శబ్దం గదిలో వినిపిస్తూనే ఉండాలి.

బిడ్డ బతుకుతుందా లేదా అన్నది మీ ఇష్టం. బతికితే మాత్రం ఇచ్చిన ధరలు వేటినీ తిరిగి ఇప్పించకండి. పోయిన ఉద్యోగం పోయినట్టే ఉండాలి, అబద్ధం ఆడినందుకు అధికారి అడగవలసిన ప్రశ్నలు ఆసుపత్రి వరండాలో ఎదురుచూస్తూ ఉండాలి. ముగింపు అధ్యాయం నాలుగైదు పేజీలు దాటనవసరం లేదు.

చివరి మెట్టు: దిద్దుబాటు

ప్రతిని మూడు వారాలు పక్కన పెట్టి, మూడు రంగుల పెన్సిళ్లతో కూర్చోండి. తల్లి ఏడ్చిన ప్రతి చోటా ఒక రంగు, కాకతాళీయంగా ఏదైనా జరిగిన ప్రతి చోటా రెండో రంగు, ఎవరైనా ఎవరికైనా పాఠకుడికి తెలిసిన సంగతే మళ్లీ చెప్పిన ప్రతి చోటా మూడో రంగు గీయండి. మొదటి రంగు గీతల్లో సగానికి సగం కొట్టివేయండి. కాకతాళీయాలు తల్లికి కష్టం తెచ్చేవైతే ఉంచండి, సాయపడేవైతే తీసివేయండి. మూడో రంగు పడిన చోట సన్నివేశాన్ని ఆ సంభాషణ ముగిసిన తరువాతి క్షణం నుంచి మొదలుపెట్టండి.

తరువాత కథ తెలియని ఒక మనిషికి ప్రతి ఇచ్చి, ఎక్కడ ఆపి పక్కన పెట్టారో పేజీ అంచున సమయం రాయమనండి. నచ్చిందా అని అడగకండి, మొహమాటానికి ఏదో చెబుతారు. వారు ఆగిన పేజీకి ముందు పది పేజీలను నిర్ణయాల జాబితాతో సరిచూడండి. మూడో గడి ఖాళీగా ఉన్న సన్నివేశం ఒకటి అక్కడ దొరుకుతుంది.